వంకర కుట్టున్న పర్సు నాన్నకి ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. బ్యాంకులో ఉద్యోగం చేస్తాను. బాబు హాస్టల్‌కి వెళ్ళాక సాయంత్రాలు ఖాళీగా ఉండటంతో ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించుకుని, వీడియోలు చూస్తూ లెదర్ పని నేర్చుకుంటున్నాను. రెండు మూడు కీచైన్లు, ఒక కళ్ళజోడు కవరు చేశాక, నాన్న కోసం మడత పర్సు కుట్టాను. వచ్చే నెల ఆయన రిటైర్మెంట్. కుడుతున్నంతసేపూ చాలా సంతోషంగా ఉంది. పూర్తయ్యాక చూస్తే ఒక మూల కుట్టు వంకరపోయి అంచు దాకా వచ్చేసింది. రంగు మచ్చలు మచ్చలుగా పట్టింది. అంచులు వీడియోల్లోలా నున్నగా లేవు, పీచు లేస్తోంది. కార్డు పెడదామంటే దూరడం లేదు. మా అన్నయ్య కొడుకు చూసి "అత్తా, ఇలాంటిది బజార్లో మూడొందలకి వస్తుంది కదా" అన్నాడు. మా అత్తగారు "తోలు పని మనకెందుకమ్మా" అంటారు. చివరికి ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టేశాను. అయినా రోజూ ఒకసారి తీసి చూసుకుంటున్నాను. ఇన్ని తప్పులున్న వస్తువుని చూసి గర్వపడటం నన్ను నేను మోసం చేసుకోవడం కాదా? చేయి తిరిగేదాకా ఎవరికీ చూపించకుండా ఉండటం మంచిదా? నాన్నకి ఇది ఇవ్వనా, కొన్నది ఇవ్వనా?

సమాధానం: ముందు ఆ పర్సుని ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తీయండి. తోలుకి గాలి ఆడాలి. ప్లాస్టిక్‌లో చుట్టి బీరువాలో పెడితే చెమ్మ లోపలే నిలిచిపోయి, వానాకాలంలో ఇట్టే బూజు పడుతుంది. ఇప్పటికే తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే కంగారు పడకండి. పొడి గుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట ఫ్యాను గాలికి ఒక పూట ఆరనివ్వండి. నాన్నగారికి ఇచ్చేదాకా పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టుకోండి.

రోజూ ఒకసారి తీసి చూసుకుంటున్నానని రాశారే, ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. మీరు దాన్ని ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు రాశారు. చేత్తో ఒక వస్తువు చేసిన వాళ్ళెవరైనా చేసే పనే అది. గర్వపడండి. ఏ సందేహమూ లేకుండా చెబుతున్నాను. అయితే "లోపమే అందం", "చేత్తో చేసింది అలాగే ఉండాలి" లాంటి ఓదార్పు మాటలు మాత్రం నేను చెప్పను. వంకర కుట్టు వంకరే. అది మీ కంటికి కనిపించిందంటే మీ చూపు చేతికంటే ముందు నడుస్తోందన్నమాట, నేర్చుకునే వాళ్ళకి అదే కావాలి. ఆ పర్సులో గర్వపడాల్సినవి వేరే ఉన్నాయి. తప్పుల మీదే చూపు నిలిచిపోయి మీరు వాటిని గమనించలేదేమో అనిపించింది.

అన్నిటికంటే ముందు కుట్టు. మీ కిట్‌లో రెండు సూదులు, మైనం పట్టించిన దారం వచ్చి ఉంటాయి. ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోంచీ రెండిటినీ ఎదురెదురుగా దూర్చి లాగుతూ కుట్టి ఉంటారు. దీన్ని శాడిల్ స్టిచ్ అంటారు. గుర్రపు జీనులు, కళ్ళేలు కుట్టేవాళ్ళ కుట్టు ఇది. మామూలు కుట్టు మిషన్ మీద ఇది కుట్టడం కుదరదు. మిషన్‌లో పైన ఒక దారం, కింద బాబిన్‌లో ఒక దారం ఉంటాయి. తోలు మధ్యలో ఆ రెండూ ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. ఒకటి తెగిందంటే రెండోదానికి పట్టు పోయి, అక్కడినుంచి కుట్టు వరసగా ఊడుతూ వస్తుంది. మీ కుట్టులో ఒకచోట దారం తెగినా, అవే రంధ్రాల్లోంచి ఎదురు దిక్కున వెళ్ళిన దారం పట్టుకునే ఉంటుంది. పారిస్‌లో 1837లో గుర్రపు సామాను చేసే దుకాణంగా మొదలైన ఎర్మెస్ కంపెనీ ఈనాటికీ తన బ్యాగుల్ని ఈ పద్ధతిలోనే చేత్తో కుట్టిస్తుంది. లక్షల రూపాయల బ్యాగుకీ మీ పర్సుకీ కుట్టు పడే తీరు ఒకటే. వాళ్ళ కుట్లన్నీ ఒకే వాలులో, ఒకే కొలతలో ఉంటాయి, మీవి ఇంకా అలా కుదరలేదు. అది సాధనతో వస్తుంది. గట్టిదనం ఇచ్చే అసలు పని మాత్రం మీ చేతులు ఇప్పటికే చేస్తున్నాయి. నమ్మకం లేకపోతే కుట్టిన చోట రెండు పొరల్నీ రెండు చేతులతో పట్టుకుని కాస్త గట్టిగానే విడదీయబోయి చూడండి. సందు కనిపించకపోతే ఆ పర్సు తన పని తాను చేస్తుంది.

ఇక తప్పుల సంగతి. నాలుగూ కలిపి ఒకే వరసలో రాశారు గానీ, నాలుగూ ఒక రకమైనవి కావు. తోలు పనిలో కంటికి మాత్రమే కనిపించే తప్పులు కొన్ని, వాడకంలో బయటపడేవి కొన్ని. కొత్తలో మనల్ని బాధపెట్టేవి మొదటి రకం. నిజంగా పట్టించుకోవాల్సినవి రెండో రకం. ఈ రెండిటినీ విడదీసి చూడటం వస్తే మీరు అడిగిన "మోసం" భయం చాలావరకు పోతుంది.

అంచుల పీచు చూడండి. ఇది మీ చేతి తప్పు కాకపోయే అవకాశమే ఎక్కువ. బజార్లో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమ్ తోలు. అంటే పచ్చి చర్మాన్ని క్రోమియం లవణాలతో తక్కువ సమయంలో తోలుగా మార్చింది. మెత్తగా ఉంటుంది, నీటిని బాగానే తట్టుకుంటుంది, కానీ దాని అంచుని ఎంత రుద్దినా మెరుపు రాదు. చెట్ల బెరళ్ళు, కాయలతో వారాల తరబడి ఊరబెట్టి చేసే తోలుని వెజ్ టాన్ అంటారు. వీడియోల్లో అద్దంలా మెరిసే అంచులు దాదాపు అన్నీ ఈ తోలువే. మీది ఏదో తెలుసుకోవాలంటే మిగిలిన ముక్కని కొత్త బ్లేడుతో కోసి, కోసిన అంచు మధ్యలో చూడండి. నీలం కలిసిన బూడిద ఛాయ కనిపిస్తే క్రోమ్ తోలే. అప్పుడు రుద్దడం మానేసి ఎడ్జ్ పెయింట్ వేయడమో, తర్వాతి పనుల్లో అంచుని లోపలికి మడిచి కుట్టడమో చేయాలి. గోధుమ రంగులో ఉండి, చుక్క నీళ్ళు వేయగానే పీల్చుకుని ముదురైతే వెజ్ టాన్. అప్పుడు 400 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 600తో అంచు రుద్ది, కొద్దిగా తడిచేసి, నున్నటి చెక్క ముక్కతోనో మందపాటి కాన్వాస్ గుడ్డతోనో వేడి పుట్టేలా రాపాడించండి. పీచు అణిగిపోతుంది. ఒక్కసారితో రాకపోతే మళ్ళీ చేయండి, తొందరేమీ లేదు.

రంగు మచ్చలు కేవలం కంటికి కనిపించే తప్పు. జిగురు అంటిన చోట, చేతి జిడ్డు తగిలిన చోట రంగు లోపలికి దిగదు. దానికితోడు తోలు అంతటా ఒకేలా ఉండదు. వీపు భాగం బిగువుగా ఉంటుంది. పొట్ట భాగం వదులుగా ఉండి రంగుని ఎక్కువ పీలుస్తుంది, లాగితే సాగుతుంది. ముళ్ళ తీగ గీరినవి, పురుగు కుట్టినవి, మెడ దగ్గరి ముడతలు కూడా రంగు పడ్డాకే తేలతాయి. ఆ పశువు బతికిన బతుకు దాని తోలు మీద ఉంటుంది. వాటిని తప్పులుగా లెక్క వేయకండి. మీ పర్సు వెజ్ టాన్ అయితే ఎండకీ, చేతి జిడ్డుకీ ఆరు నెలల్లో మొత్తం ముదిరి మచ్చల తేడా చాలా తగ్గుతుంది. అప్పటిదాకా ఆగలేకపోతే ఇంకో పూత ముదురు రంగు వేయొచ్చు. నా సలహా మాత్రం వదిలేయమనే.

కార్డు దూరకపోవడం వాడకంలో బయటపడే తప్పు, కాబట్టి నాన్నగారి చేతికి వెళ్ళేలోపు సరిచేయాల్సిందే. బ్యాంకు కార్డు వెడల్పు 85.6 మి.మీ., ఎత్తు 54 మి.మీ. కొత్తవాళ్ళు ఆ కొలతకి కొంచెం కలిపి తోలు కోస్తారు. రెండు పక్కలా కుట్టు చెరో 3, 4 మి.మీ. తినేస్తుందని, తోలు మందం కూడా కొంత చోటు తీసుకుంటుందని అప్పటికి తట్టదు. తోలు సాగుతుంది గనుక దీనికి మందు ఉంది. రెండు పాత కార్డులు కలిపి పలచటి ప్లాస్టిక్‌లో చుట్టి, మెల్లగా ఆడిస్తూ అరలోకి దించి, రెండు రోజులు అలాగే ఉంచండి. వెజ్ టాన్ అయితే దించే ముందు అర లోపలి వైపు తడి వేలితో కొద్దిగా చెమ్మ చేయండి. బలవంతంగా తోయొద్దు. తర్వాత ఒక్క కార్డు హాయిగా వెళ్ళి వస్తుంది.

వంకర మూల అసలైన తప్పు. కుట్టు అంచుకి మరీ దగ్గరగా వెళితే, జేబులో రాపిడికి ముందు అరిగేది అక్కడే. మీకు వెంటనే విప్పి మళ్ళీ కుట్టాలనిపిస్తుంది. విప్పకండి. గుడ్డ మీద తప్పు కుట్టు విప్పేస్తే రెండు ఉతుకుల్లో సూది గుర్తులు కలిసిపోతాయి. తోలులో ఒకసారి పడ్డ రంధ్రం పూడదు. పాత రంధ్రాల పక్కనే కొత్త వరస వేస్తే ఆ చోటు ఇంకా బలహీనపడుతుంది. ఆ మూల పొరల మధ్య జిగురు సరిగ్గా పట్టిందో లేదో చూసి, సందుంటే టూత్‌పిక్‌తో కాస్త జిగురు పెట్టి క్లిప్పుతో బిగించండి. అది చాలు. ఇలా ఎందుకు జరిగిందో మాత్రం తెలుసుకోండి. రెండు కారణాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. కుట్టు గీత గీసుకోకుండా కంటి అంచనాతో రంధ్రాలు కొట్టి ఉంటారు, లేదా వరసగా రంధ్రాలు కొట్టే పళ్ళ పంచ్‌ని జరిపేటప్పుడు దాని మొదటి పన్నుని అంతకుముందు పడ్డ చివరి రంధ్రంలో ఆనించి ఉండరు. ఈసారి డివైడర్‌ని 4 మి.మీ.కి బిగించి అంచు వెంట గీత గీయండి. నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు ఆరతో (తోలు పొడిచే మొనసూదితో) ముందే పొడుచుకోండి. మధ్యలో పంచ్ వేస్తూ వస్తూ, మూల దగ్గరపడ్డాక మిగిలిన దూరాన్ని రెండు పళ్ళ పంచ్‌తో కొంచెం కొంచెంగా సర్దుకోండి. మూల దానంతట అదే చక్కగా తిరుగుతుంది.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, మీ గర్వం నిలబడాల్సింది ఈ తెలివిడి మీదే. తప్పు ఎక్కడుందో, ఎందుకొచ్చిందో, దానివల్ల ఏమవుతుందో చెప్పగలిగిన మనిషి తను చేసినదాన్ని చూసి సంతోషపడితే అందులో మోసం ఎక్కడుంది? చేతిలో ఉన్న వస్తువుని కాకుండా ఊహలో ఉన్న వస్తువుని మెచ్చుకుంటే అది మోసం.

వీడియోలతో పోల్చుకోవడం గురించి ఒక్క మాట. అందులో కుట్టు వెనక వైపు ఎంతసేపు చూపించారో ఈసారి గమనించండి. శాడిల్ స్టిచ్‌లో ముందు వైపు వాలుగా అందంగా పడ్డ కుట్టు, వెనక వైపు అంత తీరుగా పడేలా చేయడానికి చాలా సాధన కావాలి. కెమెరా ఎక్కువగా ముందు వైపే ఉంటుంది. మీరు మాత్రం మీ పర్సుని రెండు వైపులా తిప్పి చూసుకుంటున్నారు.

మీ మేనల్లుడి మాట నిజమే, మూడొందలకి పర్సు దొరుకుతుంది. ఆ ధరలో వచ్చేవాటిలో చాలావరకు రెక్సిన్, లేదా తోలు పొడిని, తుక్కుని జిగురుతో కలిపి రేకులుగా చేసినవి. కొన్నాళ్ళకి మడత దగ్గర పై పొర పెచ్చులు లేస్తుంది. పెచ్చులు లేచాక ఎవరూ బాగుచేయలేరు. మంచి తోలు పర్సులు కూడా బజార్లో ఉన్నాయి, ధర ఎక్కువ. పిల్లవాడితో వాదించడం దేనికి? ఒక ఆదివారం కూర్చోబెట్టి, రెండు సూదులిచ్చి, కీచైన్ ఒకటి కుట్టించండి. పూర్తి చేశాక అది ఎవరికీ ఇవ్వడు చూడండి.

మీ అత్తగారి మాటకి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, మీ సంకోచంలో కొంత అక్కడినుంచే వస్తోందని నాకనిపించింది. తోలు ముట్టుకోవడం తక్కువ పని అనే భావం మన ఊళ్ళలో కులంతో ముడిపడి వచ్చింది. తరతరాలుగా ఆ పని చేసింది ప్రధానంగా మాదిగ కుటుంబాలు. చచ్చిన పశువు చర్మం తెచ్చి, సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, లంద అనే తొట్టిలో తంగేడు చెక్కతో (బెరడుతో), కరక్కాయతో ఊరబెట్టి తోలు చేశారు. రైతు కాళ్ళకి కిర్రు చెప్పులు, బావిలోంచి నీళ్ళు తోడే మోటకి తోలు బొక్కెన, ఊరందరి పండగలకీ చావులకీ డప్పు, అన్నీ వాళ్ళ చేతుల మీదుగా వచ్చినవే. ఆ బొక్కెన కుట్టు ఊడితే పొలానికి నీళ్ళు లేవు. అంత అవసరమైన పని చేసినవాళ్ళని ఊరి బయట ఉంచి, ముట్టుకోకూడదన్నారు. అదే పనిని ఇవాళ మీరు సాయంత్రం పూట ఫ్యాను కింద కూర్చుని ఇష్టంగా చేస్తే మెచ్చుకునేవాళ్ళు దొరుకుతారు. తరతరాలుగా చేసినవాళ్ళకి అవమానం దక్కింది. ఈ తేడా తెలిసి పని చేయండి. మీ హనుమకొండలో బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పువ్వు లేకుండా కుదరదు కదా. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే. ఆ చెట్టు బెరడే మన ఊళ్ళలో పచ్చి చర్మాన్ని తోలుగా మార్చింది. పువ్వు పూజలోకి వచ్చింది, బెరడుతో పనిచేసిన చేతులు మాత్రం వాకిలి బయటే ఉండిపోయాయి.

అత్తగారితో గొడవ పడమనను. పెద్దావిడ, తను పెరిగిన కాలంలో విన్న మాట అంటున్నారు. "మనం రోజూ వేసుకునే చెప్పులు ఎవరో ఒకరు కుడితేనే వచ్చాయి కదా అత్తయ్యా" అని నెమ్మదిగా ఒకసారి చెప్పండి. ఆ తర్వాత ఆవిడ ముందే కూర్చుని కుట్టుకోండి. లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మాత్రం కుట్టొద్దు. ఈ పని దాచుకోవాల్సినది కాదు.

ఇంకో పని కూడా చేయండి. మీ వీధిలోనో, బ్యాంకు దగ్గరో చెప్పులు కుట్టే ఆయన ఉంటే, రద్దీ లేని వేళ చూసి ఆ పర్సు పట్టుకెళ్ళండి. ఇలాంటి వాళ్ళ దగ్గర నేను గమనించింది ఏమిటంటే, వస్తువు చేతికివ్వగానే ముందు కుట్టుని వంచి చూస్తారు, గోటితో దారాన్ని లేపబోతారు. రంగు ఎలా పట్టిందన్నది వాళ్ళకి చివరి సంగతి. కొక్కెం ఉన్న ఆరతో దారాన్ని లాగి కుట్టే తీరు, తోలు కోసే కత్తి రంపెని రాయి మీద నూరే తీరు దగ్గరనుంచి చూడండి. కోసిన గీత వంకరపోవడానికి సగం కారణం మొద్దు కత్తే. ఆయన సమయానికి డబ్బివ్వండి, ఉచితంగా పాఠం చెప్పమనొద్దు.

ఎప్పుడైనా ధర్మవరం వైపు వెళితే నిమ్మలకుంటలో ఆగి తోలుబొమ్మలు చేసేవాళ్ళ ఇళ్ళు చూసి రండి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలుని వెలుగు దూరేంత పలచగా గీకి, రంగులద్ది, బొమ్మ నగల కోసం చిన్న ఉలితో ఒక్కొక్క రంధ్రమే కొడతారు. చేతిలో పట్టుకుని దగ్గరగా చూస్తే ఏ రెండు రంధ్రాలూ అచ్చు గుద్దినట్టు ఉండవు. తెర వెనక దీపం ముందు నిలబెడితే ఆ రంధ్రాల్లోంచే వెలుగు వచ్చి నగలన్నీ మెరుస్తాయి. ఆ బొమ్మని చేసింది తెర కోసం, తెర మీదే చూడాలి. మీ పర్సుని చేసింది జేబు కోసం. దాన్ని బీరువాలో పెట్టి, ట్యూబ్‌లైటు కింద పరీక్షిస్తే దాని మంచిచెడ్డలు మీకు తెలియవు.

చేయి తిరిగేదాకా చూపించకుండా ఉండటం మంచిదా అన్నారు. చూపించకపోతే చేయి తిరగడమే ఆలస్యమవుతుంది. తోలు పనిలో చాలా పాఠాలు కుట్టేటప్పుడు రావు, వాడేటప్పుడు వస్తాయి. మడత దగ్గర తోలు పగులుతుందా, అర నోరు సాగిపోతుందా, మూలల్లో దారం అరుగుతుందా, ఇవన్నీ ఆరు నెలలు ఎవరో ఒకరి జేబులో తిరిగితేనే తెలుస్తాయి. అందుకే మొదట్లో చేసినవి వాడకంలో ఉండాలి. కళ్ళజోడు కవరు మీరే వాడండి, కీచైన్లు ఇంట్లో బండి తాళాలకి తగిలించండి. అయితే ఒక గీత గీసుకోండి. ఊడితే ఎవరికైనా దెబ్బ తగిలేవి, బరువు మోసేవి ఇప్పుడప్పుడే ఎవరికీ చేసి ఇవ్వొద్దు. ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీ, కుక్క మెడపట్టీ, బండికి తగిలించే సంచీ లాంటివి. పర్సు కుట్టు ఊడితే నష్టం ఒక చిన్న చిరాకు. పట్టీ ఊడితే అలా కాదు. అమ్మకం కూడా ఇప్పుడే వద్దు. ఎవరైనా మరీ బలవంతపెడితే లోపాలు ముందే వాళ్ళకి చూపించి ఇవ్వండి.

నాన్నగారికి ఆ పర్సే ఇవ్వండి. కొన్నది వద్దు. అర సాగదీసి, మూల జిగురు చూసి, అంచులు రుద్ది, లోపల మడతలో ఎక్కడో చిన్నగా తేదీ వేసి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "ఏదో చేశాను నాన్నా, అంత బాగా రాలేదు" అని మొదలుపెట్టొద్దు. మనకి ఈ అలవాటు బాగా ఉంది, అన్నం వడ్డిస్తూనే ఉప్పు తక్కువైందేమో అని ముందే అనేస్తాం. అవతలివాళ్ళు ఇక వస్తువుని చూడటం మానేసి మనల్ని ఓదార్చే పనిలో పడతారు. "నీ కోసం నేనే కుట్టాను నాన్నా" అని ఇచ్చి ఊరుకోండి. ఆయన తిప్పి తిప్పి చూస్తారు. ఆ మూల గురించి అడిగితే ఉన్నమాట చెప్పండి: "అక్కడ కుట్టు అంచుకి దగ్గరైంది, ఊడితే నాకివ్వు, మళ్ళీ నేనే కుట్టి ఇస్తాను." ఒక్క జాగ్రత్త. కూతురు చేసిందని ఆయన దాన్ని దాచిపెట్టి పాత పర్సే వాడతారు, చాలామంది నాన్నలు అంతే. అక్కడే కూర్చోబెట్టి పాత పర్సులోని కార్డులు, కాగితాలు, దేవుడి ఫోటో అన్నీ కొత్తదాంట్లోకి మీ చేతులతో మార్చేయండి.

ఖాళీ పర్సు ఇవ్వకూడదంటారు కదా, నూట పదహార్లు పెట్టి ఇవ్వండి. వంద నోటు మాత్రం ఊదా రంగు కొత్తది చూసి పెట్టండి. ఆన్‌లైన్‌లో దొరికే పర్సు నమూనాలు ఎక్కువగా డాలరు నోటుకి తగ్గట్టు గీసినవి. దాని కొలత సుమారు 156 మి.మీ. పొడవు, 66 మి.మీ. ఎత్తు. మన ఇప్పటి 500 నోటు 150, 66 మి.మీ., కొత్త వంద 142, 66 మి.మీ. కాబట్టి బాగానే పడతాయి. ఇంకా చెలామణిలో ఉన్న పాత వంద నోటు 157 మి.మీ. పొడవు, 73 మి.మీ. ఎత్తు. అది మీ పర్సులోంచి తల బయటపెట్టినా పెట్టొచ్చు. అందుకని రెండో పర్సుకి నోట్ల అర లోపలి కొలత 165 మి.మీ. పొడవు, 78 మి.మీ. ఎత్తు పెట్టుకుని, కుట్టు కోసం మూడు వైపులా 4 మి.మీ. కలిపి కోయండి. బయటి పొరని లోపలి పొరకంటే 4, 5 మి.మీ. పొడవుగా ఉంచితే మడిచినప్పుడు లోపల ముడత పడదు. కొత్త రకం వస్తువు జోలికి ఇప్పుడే పోకండి, ఈ పర్సునే ఇంకో రెండు మూడుసార్లు కుట్టండి. రెండోది మీ అన్నయ్యగారికి ఇవ్వొచ్చు.